మాట మోసే పని

దేవదాస్ కూతురు రుచిత జర్మన్ భాషలో ఎం.ఏ. చేసింది. ఈ ఒక్క ముక్క నలుగురిలో చెప్పడానికి దేవదాస్‌కు నోరు వచ్చేది కాదు. సూరత్‌లో వాళ్లుండే అమ్రోలి గల్లీ నిండా మగ్గాలను నమ్ముకుని వచ్చిన తెలంగాణ వాళ్లే. ఎవరింటి పిల్ల ఏం చదువుతోందో అందరికీ కావాలి. మొదట్లో ఒకాయనకు నిజమే చెప్పి చూశాడు. "అది చదివితే ఏమొస్తది దేవదాసూ?" అని ఆయన అడిగాడు. ఏమొస్తుందో దేవదాస్‌కు మాత్రం తెలిస్తే గదా! ఆ రోజు నుంచి ఎవరడిగినా "ఏదో కంప్యూటర్‌ది" అని దాటేసేవాడు.

పిల్ల మీద ప్రేమ లేక కాదు. గుజరాతీ మీడియం బడిలో అన్ని తరగతుల్లోనూ ముందు నిలిచిన పిల్ల, జర్మన్ చదువుతానని పట్టుబడితే వడోదరలో హాస్టల్‌లో పెట్టి మరీ చదివించాడు. కానీ చదువు అయిపోయి ఏడాదిన్నర గడిచింది. ఈ ఏడాదిన్నరలో రుచిత చేయని ప్రయత్నం లేదు. జర్మనీకి నర్సులుగా పోయే అమ్మాయిలకు సాయంత్రాలు పాఠాలు చెప్పింది. మందుల కంపెనీ వాళ్ల కాగితాలు ఇంట్లో కూచుని అనువాదం చేసింది. ఆర్నెల్లకు వాళ్లు, ఇక ఆ పని కంప్యూటరే చేసి పెడుతోంది, నువ్వు తప్పులుంటే దిద్దు చాలు అన్నారు. తరువాత ఆ దిద్దుడు కూడా ఆగిపోయింది.

ఇంటికి వచ్చినప్పుడల్లా దేవదాస్ భార్య భూదేవి తమ్ముడు కమలాకర్‌ది ఒకటే పాట. అతనికి రింగ్ రోడ్డు మార్కెట్‌లో చీరల దుకాణం ఉంది.

"బావా, పిల్లకు నాలుగు భాషలొస్తయి. నా దుకాణంల కూసోవెడితే నాలుగు రాష్ట్రాలోళ్లకు చీరలమ్ముతది. జర్మనోళ్లు చీరలు కట్టరు గద!"

అందరూ నవ్వేవారు. రుచిత కూడా నవ్వేది. కానీ ఆ నవ్వు రోజురోజుకూ చిన్నదవుతోందని దేవదాస్ గమనించాడు. చివరికి ఒకనాడు పిల్లే అంది, "ఈ నెలాఖరు దాకా చూస్త బాపూ. ఏం రాకపోతే మామ దుకాణంకే పోత" అని. ఆ మాట విని భూదేవి ఊపిరి పీల్చుకుంది. దేవదాస్‌కు ఆ రోజు అన్నం సయించలేదు.

దేవదాస్ ఇచ్ఛాపూర్ దగ్గర ఒక నేత మిల్లులో ముకద్దం. అంటే నలభై మంది పనివాళ్లకు పెద్ద అన్నమాట. వాళ్లను ఊళ్ల నుంచి తెచ్చేదీ, మగ్గాల మీద నిలబెట్టేదీ, సేఠ్‌కూ వాళ్లకూ నడుమ మాట నడిపేదీ అతనే. సేఠ్ మన్సుఖ్‌భాయ్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. పనివాళ్లకు గుజరాతీ రాదు. వచ్చిన కాస్త హిందీ కూడా సేఠ్ ఎదుట నిలబడేసరికి ఎటో ఎగిరిపోతుంది. అందుకని ఇరవై ఆరేళ్లుగా ఆ మిల్లులో అటు మాట ఇటు రావాలన్నా, ఇటు మాట అటు పోవాలన్నా దేవదాస్ నోటి మీదుగానే.

ఆ నోరు మామూలు నోరు కాదు. సేఠ్ కళ్లెర్రజేసి, "ఈ దొంగ వెధవలు రేపు పనికి రాకపోతే తన్ని తగలేస్తా" అంటే, దేవదాస్ పనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి అది "సేఠ్‌కు ఆర్డర్ తొందరున్నదట, జర రేపు తప్పకుండ రాండ్రి" అయ్యేది. పనివాళ్లు "ఆ ముసలోనికి మా రక్తం తాగుడే తెలుసు" అంటే, సేఠ్ దగ్గర అది "మీ ఆరోగ్యం ఎట్లుందని అడుగుతున్నారు సేఠ్" అయ్యేది. రెండు వైపులా దేవదాస్ అంటే మంచి పేరు. ఇరవై ఆరేళ్లలో మిల్లులో ఒక్కరోజు కూడా గొడవ కాలేదంటే అది తన ఘనతేనని అతనికి లోలోపల గర్వం.

ఆ మిల్లుకు జర్మనీ నుంచి ఎనిమిది కొత్త మగ్గాలు వచ్చాయి. నెలరోజులు నడిచాక చివరి సవరణలు చేసి, కాగితాల మీద అప్పగించి పోవడానికి రైనర్ అనే పెద్దమనిషి వచ్చాడు. అరవై దాటిన మెకానిక్. మగ్గాల మధ్యే పుట్టి పెరిగినవాడు. అతనికొచ్చే ఇంగ్లీషు స్క్రూలకూ బోల్టులకూ సరిపోతుందిగానీ మనుషులకు సరిపోదు. సేఠ్‌కు ఆ మాత్రం కూడా రాదు. మొదటి రెండు రోజులు ఆఫీసు గుమాస్తా మధ్యలో నిలబడి ఇద్దరికీ పిచ్చెక్కించాడు. మూడో రోజు సేఠ్ ఆఫీసులో బల్ల గుద్ది కేకలేశాడు.

"ఇంత పెద్ద సూరత్‌లో జర్మన్ వచ్చిన మనిషి ఒక్కడు లేడా?"

దేవదాస్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్లు దాచిన ముక్క గొంతు దాకా వచ్చి కూచుంది. మింగుదామనుకున్నాడు, కానీ అది కిందికి పోలేదు.

"మా అమ్మాయికి వచ్చు సేఠ్."

"నీ అమ్మాయికా? జర్మనా?" సేఠ్ కళ్లద్దాలు తీసి చూశాడు.

"ఎం.ఏ., సేఠ్" అన్నాడు దేవదాస్. ఆ రెండక్షరాలు అంత గట్టిగా అతను ఎన్నడూ పలకలేదు.

ఆ సాయంత్రమే మగ్గాల కంపెనీ ముంబై ఆఫీసు వాళ్లు రుచితతో ఫోన్‌లో నలభై నిమిషాలు మాట్లాడి పని ఖాయం చేశారు. ఎనిమిది రోజుల పని. చివర్లో సేఠ్ ఒక కాగితం మీద ఆమె పని ఎలా ఉందో రాసి సంతకం పెట్టాలి. బాగుందని రాస్తే, గుజరాత్‌లో ఆ కంపెనీ మగ్గాలు ఎక్కడ దిగినా ఇక రుచితే వెళ్తుంది, నెలజీతం మీద. బాగాలేదని రాస్తే మామ దుకాణం. ఇందులో దాపరికమేమీ లేదు, అందరికీ తెలిసిందే.

ఆ రాత్రి భోజనాల దగ్గర దేవదాస్ కూతురికి తన విద్య నేర్పబోయాడు.

"చూడు బిడ్డా, నడుమ నిలబడ్డోడు జర తెలివి మీదుండాలె. వాడు తిడితే ఈనకు తిట్టు చెప్పొద్దు. ఈన కోపంకొస్తే వానికి కోపం చెప్పొద్దు. జర మెత్తగ చేసి అందియ్యాలె. ఇరవై ఆరేండ్లు నేను గట్లనే నెగ్గుకొచ్చిన."

రుచిత అన్నం కలుపుతూ తలెత్తింది.

"మాకు నేర్పింది అది కాదు బాపూ. ఏమంటే అదే చెప్పాలె. తిడితే తిట్టే. వాళ్లు 'నేను' అంటే నేను గూడ 'నేను' అనే చెప్పాలె. నేనక్కడ లేనట్టే ఉండాలె."

"ఏంది? తిట్టు తిట్టులెక్కనే చెప్తవా? సేఠ్‌కు?"

"అవును."

"ఎనిమిది రోజులేంది, ఎనిమిది గంటలు గూడ ఉండవు" అన్నాడు దేవదాస్. భూదేవి నవ్వింది. రుచిత నవ్వలేదు.

మర్నాడు తండ్రీ కూతుళ్లిద్దరూ బండి మీద జహంగీర్‌పురా మీదుగా మిల్లుకు పోయారు. రైనర్ అప్పటికే వచ్చి మగ్గాల దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. రుచిత దగ్గరికి వెళ్లి ఏదో అంది. ఆ మనిషి ఆగాడు. తిరిగి ఏదో అడిగాడు. రుచిత జవాబు చెప్పింది. అంతే, మూడు రోజులుగా ఉగ్గబట్టుకున్నవన్నీ అతని నోట్లోంచి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చేతులు తిప్పాడు, వేళ్లు లెక్కపెట్టాడు, నవ్వాడు కూడా.

దేవదాస్ చేతిలో నూనె డబ్బా అలాగే ఉండిపోయింది. ఇంట్లో పిల్ల పుస్తకాలు చదువుకోవడం చూశాడు, ఫోన్‌లో ఏవో గొణుక్కోవడం విన్నాడు. కానీ ఇలా ఎదురుగా నిలబడి, ఎక్కడో దేశం కాని దేశం మనిషి గుండెలో ఉన్నదాన్ని తీసి బయటపెట్టడం చూడలేదు. తను ఎత్తుకు తిప్పిన పిల్లేనా ఇది? ఆ గొంతే వేరుగా ఉంది.

ఆ సంబరం పది నిమిషాలు కూడా నిలవలేదు. సేఠ్ వచ్చాడు. రైనర్ అతనితో ఏదో అన్నాడు. రుచిత సేఠ్ కళ్లలోకి చూసి స్పష్టమైన గుజరాతీలో చెప్పింది:

"నేను ఆరు గంటలకు వచ్చాను. మీ మనుషులు తొమ్మిదికి వచ్చారు. రేపు కూడా ఇలాగే అయితే నేను హోటల్లోనే పడుకుంటాను. మీరే బిగించుకోండి."

దేవదాస్ నూనె డబ్బా కింద పడేసి పరుగెత్తాడు. "తప్పయిపోయింది సేఠ్, చిన్నపిల్ల, తెలియక అంది, నేను చెప్తాను దానికి" అంటూ చేతులు జోడించాడు. సేఠ్ అతని వైపు వింతగా చూశాడు.

"నీ పిల్ల ఎందుకంటుంది దేవదాస్? ఆ ముసలాయన అన్నాడు. నాకు తెలియదా ఏమిటి?" అని రైనర్ వైపు తిరిగి, "రేపు ఆరుకు నేనే వస్తానని చెప్పు" అన్నాడు. చెప్పినట్టే మర్నాడు ఆరింటికి సేఠ్ కారు గేటు దగ్గర ఉంది. ఇరవై ఆరేళ్లలో ఆ వేళకు సేఠ్‌ను మిల్లులో చూడటం దేవదాస్‌కు అదే మొదలు.

ఆ తరువాత రోజుల్లో దేవదాస్ పని సగమే చేశాడు. మిగతా సగం కూతుర్ని చూడటానికే సరిపోయింది. ఆమె రైనర్‌కు ఓ పక్క, అడుగు వెనకగా నిలబడుతుంది. చిన్న పుస్తకంలో ఏవో గీతలు గీస్తుంది. అతను రెండు మూడు నిమిషాలు ఆపకుండా మాట్లాడినా, ఆగగానే మొదటి మాట నుంచి చివరి మాట దాకా గుజరాతీలో అప్పజెప్తుంది. సేఠ్ జవాబును అటు చేరవేస్తుంది. పనివాళ్లకు చెప్పాల్సి వస్తే తెలుగులోకి దిగుతుంది, అదీ అచ్చంగా వాళ్ల తెలుగులోకి. నలుగురూ తన మీదుగా మాట్లాడుకుంటుంటే, తను మాత్రం అక్కడ లేనట్టే ఉంటుంది. చెప్పినట్టే చేసింది పిల్ల.

నాలుగో రోజున ఒక మగ్గం మీద దారాలు ఊరికే తెగిపోతుంటే రైనర్ ఎంత వెతికినా కారణం చిక్కలేదు. దేవదాస్ ఉండబట్టలేక కూతురితో అన్నాడు.

"పొద్దుగాల హజీరా సముద్రం దిక్కు నుంచి ఉప్పుగాలి కొడ్తది బిడ్డా. కిటికీ దిక్కు ఉన్న నూలు చెమ్మ గుంజుకుంటది. ఎండెక్కంగనే గట్టిపడి తెగుతది. ఈ మగ్గాన్ని కిటికీకి దూరం పెట్టాలె."

ఊరికే ఆమెతో అన్నాడు. కానీ రుచిత రైనర్ వైపు తిరిగి ఆ మాటలన్నీ జర్మన్‌లో చెప్పేసింది. రైనర్ దేవదాస్ వైపు తిరిగి, తలపై టోపీ తీసి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. దేవదాస్ పుట్టి బుద్ధెరిగాక అతని మాటను ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి పోయి భూదేవికి నాలుగుసార్లు చెప్పాడు. గల్లీలో ఎవరూ అడక్కపోయినా "మా పిల్ల జర్మన్‌ల ఎం.ఏ." అని చెప్పాడు.

ఆరో రోజు పొద్దున రైనర్ మూడో మగ్గం ముందు మూత విప్పాడు. లోపలికి చూసి, చెయ్యెత్తి అన్ని మగ్గాలూ ఆపమన్నాడు. ఒక్కొక్కటే ఆగింది. మగ్గాల మోతలో బతికే మనుషులకు ఆ నిశ్శబ్దం భయం వేసేలా ఉంది. సేఠ్ ఆఫీసులోంచి వచ్చాడు. పనివాళ్లంతా మూగారు.

రైనర్ వేలితో చూపించాడు. మగ్గం లోపల చిన్న దీపంలాంటిది ఉంటుంది. దానికి అడ్డంగా చెయ్యి పోతే మగ్గం టక్కున ఆగాలి. అది పని చేయకుండా ఎవరో దాన్ని తప్పించి ఒక రాగి తీగ బిగించారు.

రైనర్ కేకలేయలేదు. నెమ్మదిగా మాట్లాడాడు. రుచిత కూడా అంతే నెమ్మదిగా సేఠ్‌కు చెప్పింది:

"ఈ తీగ ఉన్నంత కాలం మనిషి చెయ్యి లోపల పడినా మగ్గం ఆగదు. నేను ఈ మగ్గాలు అప్పగించే కాగితం మీద సంతకం పెట్టను."

సేఠ్ మొహం జేవురించింది. "దూది పొట్టు అడ్డం పడి పది నిమిషాలకోసారి ఆగిపోతుంటే, ఆగకుండా చూడమని కరెంటువాడికి చెప్పాను. తీగ కట్టాడని నాకు తెలియదు. అయినా నా పనివాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఉంటే చెప్పేవాళ్లు. నెల రోజుల్లో ఒక్కడు ఒక్క మాట అనలేదు. కావాలంటే దేవదాస్‌ను అడగండి" అన్నాడు.

రైనర్ దేవదాస్‌ను అడగలేదు. "ఈ మగ్గం మీద పనిచేసేది ఎవరు? నేను అతనితో మాట్లాడాలి" అన్నాడు. రుచిత అది తెలుగులో చెప్పింది.

లస్మయ్య ముందుకొచ్చాడు. జగిత్యాల దిక్కు మనిషి, నోట్లో నాలుక లేనివాడు. అలవాటు కొద్దీ ముందుగా దేవదాస్ వైపు చూశాడు. దేవదాస్ కూడా అలవాటు కొద్దీ, చూసీ చూడనట్టు తల అడ్డంగా ఊపాడు.

"కాకా, ఆయన నిన్నే అడుగుతున్నడు" అంది రుచిత. "నువ్వేం చెప్తే అదే చెప్త. ఒక్క ముక్క గూడ ఇడువ."

లస్మయ్య చొక్కా కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. మోచేతి దాకా చినిగి, దారంతో కుట్టి ఉంది.

"మొన్న మంగళారం అంగీ చెయ్యి గుంజుకున్నది. మగ్గం ఆగలే. నేనే బలంగ గుంజుకున్న. అంగీ చినిగింది, చెయ్యి దక్కింది. ఆ తీగ తీపియ్యుండ్రని మూడుసార్లు చెప్పిన. నాకు ఇద్దరు ఆడపిల్లలు. చెయ్యి పోతే నేను దేనికి అక్కెరకొస్త?"

రుచిత రైనర్ వైపు తిరిగి జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. ఆ సందులో సేఠ్ ఎప్పటిలాగే దేవదాస్ వైపు తల తిప్పి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

ఆ క్షణంలో దేవదాస్ ఆలోచించాడని చెబితే అబద్ధమవుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రశ్న వినగానే లేచే నాలుక తనంతట తనే లేచింది.

"ఏం లేదు సేఠ్. కొత్త మగ్గం గదా, చెయ్యి తిరగడానికి ఇంకొంచెం టైం పడుతుందంటున్నాడు."

అతని మాట ముగిసేలోపు రుచిత జర్మన్‌లో ముగించి సేఠ్ వైపు తిరిగింది. తండ్రి ఏమన్నాడో ఆమె వినలేదు. లస్మయ్య మాటలు అలాగే గుజరాతీలో చెప్పింది. అంగీ చిరగడం, చెయ్యి దక్కడం, మూడుసార్లు చెప్పడం, ఇద్దరు ఆడపిల్లలు. ఒక్కటి కూడా వదల్లేదు.

సేఠ్ ఆమెను చూశాడు. దేవదాస్‌ను చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

"ఒక్క మనిషి మాట్లాడితే నాకు రెండు మాటలు వినిపిస్తున్నాయి. తండ్రి ఒకటి చెప్తున్నాడు, కూతురు ఒకటి చెప్తోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం. దేవదాస్, నువ్వు ఇరవై ఆరేళ్లుగా నా మనిషివి. ఎవడైనా ఈ తీగ మాట నీకు చెప్పాడా? ఈ పిల్ల తన సొంతంగా కల్పించి చెప్తుంటే చెప్పు. ఇప్పుడే ముంబైకి ఫోన్ చేసి దీన్ని పంపించేస్తా."

దేవదాస్ నోట ఒక్క మాట చాలు. పిల్లకు అనుభవం లేదు సేఠ్, ఏదో తడబడింది అంటే చాలు. ముకద్దం పని నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. పిల్లకు మామ దుకాణం ఉండనే ఉంది. లస్మయ్య తల వంచుకుని ఉన్నాడు. మూడుసార్లు చెప్పింది ఎవరికో అతను చచ్చినా చెప్పడు. రేపు మళ్లీ ఇదే ముకద్దం కింద పనిచేయాలి గదా.

అప్పుడు దేవదాస్‌కు కూతురి గొంతు వినిపించింది. సన్నగా, ఎక్కడా ఆగకుండా సాగుతోంది. ఆమె రైనర్‌కు జర్మన్‌లో చెప్తోంది. ఏం చెప్తోందో తెలియడానికి దేవదాస్‌కు జర్మన్ రానక్కర్లేదు. సేఠ్ ఇప్పుడన్న మాటలే. ఈ పిల్ల కల్పించి చెప్తోందేమో, పంపించేస్తా అన్న మాటలే. తన మీద పడ్డ నిందను తనే మోసుకెళ్లి, రవ్వంత తగ్గించకుండా ఆ మనిషి చేతిలో పెడుతోంది. మొహంలో ఏ రంగూ మారలేదు. ఏళ్ల తరబడి నేర్చుకున్న పని గనక చేస్తోంది.

ఇది భాష చదువుకోవడం కాదు. ఇంత బలం ఎక్కడ నేర్పుతారు? ఏ బడిలో నేర్పుతారు? ఇరవై ఆరేళ్లు ఇదే పని తనూ చేశాననుకున్నాడు. ఒక్కరోజు కూడా చేయలేదని ఆ నిమిషంలో అతనికి తెలిసిపోయింది. సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకే, ఈ పిల్ల నా కడుపున పుట్టిందా అన్న ఆశ్చర్యం అంతకంటే పెద్దదై వచ్చింది.

"పిల్ల చెప్పిందే నిజం సేఠ్" అన్నాడు గుజరాతీలో. "లస్మయ్య మూడుసార్లూ నాకే చెప్పాడు. నేనే మీ దాకా తేలేదు. ఇదొక్కటే కాదు. వాళ్లన్నది అన్నట్టు మీకు ఎన్నడూ తేలేదు. మీరన్నది అన్నట్టు వాళ్లకూ చెప్పలేదు."

రుచిత ఒక్క ఊపిరి తీసుకుంది. రైనర్ వైపు తిరిగి చెప్పింది. దేవదాస్ ఎంతసేపు మాట్లాడాడో సరిగ్గా అంతసేపు మాట్లాడింది. ఆ తరువాత, గుజరాతీ రాక బిక్కమొహాలతో చూస్తున్న పనివాళ్ల వైపు తిరిగింది. దేవదాస్ లోపల ఏదో, వద్దు బిడ్డా, వాళ్లకు వద్దు, అని అరిచింది. అరుపు బయటికి రాలేదు.

"లస్మయ్య మూడుసార్లు నాకే చెప్పిండు" అంది రుచిత, నలభై మందికీ వినపడేలా. "నేనే సేఠ్ దాకా తేలే. ఇదొక్కటే గాదు. మీరన్నది అన్నట్టు సేఠ్‌కు నేనెన్నడు చెప్పలే. సేఠ్ అన్నది మీకు చెప్పలే."

తండ్రి పాపాన్ని తండ్రి మనుషుల ముందు, తండ్రి యాసలో, 'నేను' అని చెప్పింది. కొందరు దేవదాస్ వైపు చూశారు. కొందరు చూడలేక మొహం తిప్పుకున్నారు. లస్మయ్య కుట్టు వేసిన చేతిని కిందికి దించాడు.

సేఠ్ కరెంటువాణ్ని పిలిచి ఎనిమిది మగ్గాల్లోనూ వెతికి తీగలన్నీ తన ఎదుటే కత్తిరించమన్నాడు. రెండింట్లో దొరికాయి. రాగి ముక్కలను జేబులో వేసుకుని రుచితతో, "నీ కాగితం ఏదమ్మా? ఎనిమిదో రోజు దాకా ఎందుకు, ఇటు తే" అన్నాడు. మగ్గం మీదే పెట్టి నాలుగు వరుసలు రాశాడు, సంతకం చేశాడు. దేవదాస్ వైపు చూడకుండా, "నీ సంగతి రేపు మాట్లాడదాం" అన్నాడు. ఆ రేపటిలో ఏముందో దేవదాస్‌కు అంతుపట్టలేదు. ఎందుకో ఆ భయం ఎప్పటంత పెద్దగా లేదు.

రైనర్ దగ్గరికి వచ్చాడు. దేవదాస్ ఎదురుగా నిలబడి, కోపం లేకుండానే, ఒక చిన్న ప్రశ్న అడిగాడు. రుచిత తండ్రి వైపు తిరిగింది.

"నువ్వు గూడ వాళ్ల మనిషివే గద. మరి ఎందుకు చెప్పలే బాపూ?"

రైనర్ 'బాపూ' అని ఉండడు. ఇన్ని రోజుల్లో ఎదుటివాళ్ల మాటకు ఆమె తన సొంతంగా కలిపింది ఆ ఒక్క మాటే.

దేవదాస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎప్పటిలాగే నాలుక మెత్తటి జవాబు కోసం లోపల తడుముకుంది. దాన్ని ఆపాడు.

"భయపడ్డ బిడ్డా. మొదట నా పని పోతదని భయం. తర్వాత అదే అలవాటైంది. లస్మయ్య చెయ్యి పోయినా నేను గట్లనే ఏదో ఒకటి చెప్తుంటి."

రుచిత తన నిండిన కళ్లు తుడుచుకోలేదు. రైనర్ వైపు తిరిగి ఆ మాట చెప్పింది, తరువాత సేఠ్‌కు చెప్పింది. దేవదాస్ చేతులు కట్టుకుని, తన మాట రెండుసార్లూ పూర్తిగా చేరేదాకా నిలబడి విన్నాడు.